సారూన్ పెద్దమ్మ ఏడు కుట్లు

కంబోడియా రాజధాని ఫ్నామ్‌పెన్‌లో నాట్యశాల వెనక గది, కొత్త సంవత్సరం పండుగ, మధ్యాహ్నం మూడు గంటలు. అప్సరస వేషం కట్టేవాళ్లకు బట్టలు తొడగరు, నిలబెట్టి ఒంటిమీదే కుడతారు. ఒకసారి కుట్టాక ఆట ముగిసేదాకా ఆకలీ దప్పికా అన్నీ మరిచిపోవలసిందే. కుడుతున్నది సారూన్ పెద్దమ్మ, నిలబడ్డది పదహారేళ్ల రస్మేయి.

“ఇంకొంచెం బిగించు పెద్దమ్మా.”

“ఏది? బట్టా, మోకాలా?”

“మోకాలేంటి?”

“నా సూదికి ఒక బట్ట తగలాలి, రెండు తగులుతున్నాయి. లోపల ఏం చుట్టుకున్నావు?”

“అదా... దోమ కుట్టింది.”

“ఎంత దోమే, నాలుగు మూరల గుడ్డ కట్టుకునేంత?”

“అంటే, బండి మీంచి పడ్డాను.”

“ఒక్క మోకాలికి దోమా, బండీ రెండూనా? ఇంకా ఏమన్నా ఉంటే అవి కూడా చెప్పెయ్, నాకు రెండు గంటల పనుంది.”

“ఏం లేదు. కుట్టు.”

“కుడుతున్నా. సూది నా చేతిలో ఉంది, నువ్వేమో కదలకూడదు. చెప్పు.”

“మోకాలి చిప్ప... కొంచెం పక్కకి జారింది. ఒక్కసారే.”

“ఒక్కసారే?”

“రెండు.”

“రస్మేయీ.”

“మూడు. పడవల పండక్కి మొదటిసారి. తర్వాత మెట్ల మీద. ఆ తర్వాత పోయిన నెల, సాధనలో.”

“ఎవరు సరిచేశారు?”

“కాలు చాపగానే అదే పోయి కూర్చుంది. మెట్ల మీద మాత్రం చేత్తో తోశాను.”

“చేత్తో తోశావు. అదేమన్నా కుండమీద మూతా? లోపల ఏం చిరుగుతుందో, ఏ ఎముక పెచ్చు లేస్తుందో నీకు తెలుసా? జారితే జారినట్టే కదలకుండా ఉంచి ఆసుపత్రికి పోవాలి.”

“ఆసుపత్రికి పోతే గురువమ్మకి తెలిసిపోదూ?”

“తెలిస్తే?”

“వేషం దావీకి ఇచ్చేస్తారు. పెద్దమ్మా, నీ కాళ్లకి దణ్ణం పెడతాను, చెప్పకు. అమ్మ పొద్దున్నే బట్టంబాంగ్‌లో బస్సెక్కింది. నన్ను అప్సరసల రాణి కిరీటంలో చూడాలని ఎనిమిదేళ్ల నుంచి ఎదురుచూస్తోంది.”

“సారూన్, అయిందా? లోపలికి రానా?”

“సగం అయింది గురువమ్మా. లోపలికి రాకండి, నేలంతా సూదులు.”

“...వెళ్లిపోయారా?”

“వెళ్లింది. ఊపిరి వదులు, లేకపోతే కొలత తప్పుతుంది.”

“నేలమీద ఒక్క సూదీ లేదు కదా?”

“నీకు దోమ ఉందా?”

“అది సరే. నాకే ఎందుకిలా పెద్దమ్మా? దావీ ఒళ్లు ఎండిన వెదురు, దానికేం కాదు. నేను ఎటు వంచితే అటు వంగుతానే.”

“వేళ్లు వెనక్కి వంచు.”

“ఇదిగో. మణికట్టుకి తగులుతాయి.”

“నిన్ను బడిలో చేర్చుకున్నరోజు అందరూ ముచ్చటపడింది వీటికే. వేళ్లు ఇంత వంగే పిల్లకి మోకాలూ వదులే, భుజమూ వదులే. వంగే కీలుకి జారడం కూడా సులువు. ఆ సంగతి ముచ్చటపడ్డవాళ్లెవరూ చెప్పరు.”

“అందుకే రోజూ గంటసేపు ఇంకా వంచుతున్నా. అలవాటైతే జారదని.”

“ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది. సాగిన ఎలాస్టిక్‌ని ఇంకా లాగితే బిగుస్తుందా? నీకు వంగడం పుట్టుకతో వచ్చింది తల్లీ, నేర్చుకోవాల్సింది ఆగడం. తొడలో కండ పెరిగితే అది చిప్పని పట్టుకుంటుంది. రాక్షస వేషాల వాళ్లని చూడు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, అరగంట అలాగే నిలబడతారు.”

“అప్సరస పోయి రాక్షసుల సాధన చేస్తే నవ్వుతారు.”

“గురువమ్మ చెయ్యట్లా? అరవై దాటినా రోజూ పొద్దున్నే వాళ్ల వరసలో నిలబడుతుందిగా.”

“ఆవిడ వాళ్లకి నేర్పడానికి.”

“ఊఁ. నేర్పడానికే. సరే, సాధనలో ఎక్కడ జారింది?”

“గాల్లో ఎగిరే భంగిమలో. ఎడమకాలి మీద నిలబడి, కుడిపాదం వెనక్కి ఎత్తి తిరగాలి కదా. నేను నడుం దాకా ఎత్తుతా. అంత ఎత్తు ఇంకెవ్వరివల్లా కాదు.”

“ఆ కాలు పైకి పోయేకొద్దీ ఈ కాలి మోకాలు లోపలికి తిరుగుతుంది. ఒళ్లు ఒకవైపు, పాదం ఒకవైపు. చిప్ప ఎటు పోవాలి మరి?”

“తక్కువ ఎత్తితే చూసేవాళ్లకి ఏం బాగుంటుంది?”

“గురువమ్మ ఎంత ఎత్తేది?”

“ఆవిడ సంగతి వేరు. పాత వీడియో వందసార్లు చూశా. పాదం మోకాలి ఎత్తు దాటదు, కానీ నీళ్లమీద తేలుతున్నట్టే ఉంటుంది. ఆ శైలి ఆవిడకే వచ్చింది. దావీ రెండేళ్లుగా అలా చెయ్యాలని చూస్తోంది, కాలు కర్రలా బిగుసుకుపోతుంది. చచ్చినా రాదు దానికి.”

“నీకు?”

“నేను ప్రయత్నించలేదు. ప్రయత్నించా, రాలేదు. కాలు దానంతటదే పైకి పోతుంది.”

“కాళ్లు కొంచెం ఎడంగా పెట్టు. ఇక్కడ ఇంకొంచెం కుట్టాలి... ఆఁ, ఇంకా చెప్పు, దావీ ఇంకేం చేస్తుంది?”

“నా కాటుక వాడుకుంటుంది. అడిగితే నాది కాదంటుంది. పోయినవారం అరటిపండు పెట్టి ఆకులో ఉడికించిన బియ్యప్పొట్లం అమ్మ పంపిస్తే, సగం తినేసి ఆకు మళ్లీ కట్టి పెట్టింది.”

“ఎంత అన్యాయం. అయింది. అద్దం వైపు తిరిగి, కుడికాలు వెనక్కి ఎత్తు.”

“...పెద్దమ్మా.”

“ఏమే?”

“లేవడం లేదు. మోకాలి ఎత్తుకి వచ్చి ఆగిపోతోంది. బట్ట లోపలేదో పట్టేసింది.”

“రెండు కాళ్ల మధ్య బట్టకి ఏడు కుట్లు, పట్టుదారం. నువ్వు దావీ మీద చాడీలు చెబుతున్నప్పుడు వేశా.”

“విప్పెయ్. పెద్దమ్మా, దయచేసి విప్పెయ్. అమ్మ వచ్చేస్తుంది, అందరిముందూ పరువు పోతుంది నాకు.”

“పండగ కాగానే డాక్టరు దగ్గరికి నాతో వస్తానను.”

“వస్తా. ఒట్టు. విప్పు.”

“వస్తానన్నావు, అది చాలు. విప్పను. ముందు అద్దంలో చూసుకో. చేతులు ఎత్తు, అట్లా. మోకాలు ఎలా ఉంది?”

“మోకాలు... తిరగట్లేదు. కుదురుగా ఉంది.”

“ఇంకా?”

“ఇంకా... పెద్దమ్మా, ఇది గురువమ్మలా ఉంది. అచ్చం వీడియోలోలాగే. ఎవరికీ రానిది నాకెలా వచ్చింది?”

“కళ్లు తుడుచుకో, కాటుక కారుతుంది. తలుపు దగ్గరికి ఎప్పుడో మళ్లీ వచ్చింది ఆవిడ, అంతా వింటోంది.”

“సారూన్, ఆ పిల్లకి నా కుట్టు వేశావా, అప్పట్లో నా చిప్ప జారినప్పుడు వేసినట్టే? డాక్టరు సరేననగానే రాక్షసుల వరసలో నా పక్కన నిలబడమను.”