పళ్ళెం బావ ముక్కు

ఆ సాయంత్రం గని గేటు ఎదుటి టీ కొట్టులో అందరి నోటా ఒకటే మాట. లాబొరేటరీ అతను కొత్త మైక్రోస్కోపుతో రాతిపొడిలో కంటికి ఆనని బంగారం కనిపెట్టాడట, మేనేజరు అందరి ముందూ భుజం తట్టాడట. ఆ లాబొరేటరీ అతను పళ్ళెం బావకి స్వయానా తోడల్లుడు. ఇరవై ఆరేళ్ళుగా రాతిపొడిని పళ్ళెంలో కడిగి, అడుగున మెరిసేది చూసి బంగారం ఉందో లేదో చెబుతున్న బావ భుజం మీద మాత్రం ఇన్నాళ్ళూ ఈగ కూడా వాలలేదు. పైగా పొద్దున్నే పెళ్ళాం, "మా చెల్లెలి అదృష్టం!" అని నిట్టూర్చింది. అప్పట్నుంచీ కడుపులో ఒకటే మంట.

"మైక్రోస్కోపులెందుకయ్యా?" అన్నాడు బావ, గ్లాసు ఠక్కున పెట్టి. "నేను చేరిన కొత్తలో పొడిని వేళ్ళతో నలిపి చెప్పేసేవాణ్ణి."

"చెబుతావులే," అన్నాడు లారీ డ్రైవరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేళ్ళు కూడా అక్కర్లేకపోయింది. వాసన! వెంట్రుకని నిలువునా వెయ్యి పాయలుగా చీలిస్తే అందులో ఒక్క పాయంత రేణువు, అది కాకిబంగారం కడుపులో దాక్కున్నా సరే, నా ముక్కుకి దొరికిపోయేది. నాకు జలుబు చేసి మూడు రోజులు పడుకుంటే గని మూసేశారు!"

"అమ్మో!" అంది టీ కొట్టావిడ.

"ఇంకా విను. ఓసారి కొండకేసి తిరిగి గట్టిగా ఊపిరి పీల్చాను. లోపలున్న బంగారమంతా ఇటు కదిలింది, దాంతోపాటు కొండా కదిలింది! రెండు బారలు! ఇంజనీర్లొచ్చి కొలిచి, నాకో దండం పెట్టి, రోడ్డు పక్కకి జరిపి వేసుకున్నారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు డ్రైవరు.

"దిష్టి తగలదూ!"

వెనక నిలబడి వింటున్న తోడల్లుడు జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "అన్నయ్యా, ఇందులో ఎంతుందో కాస్త చెప్పవూ?" అన్నాడు వినయంగా.

బావ గుండె ఉప్పొంగింది. కళ్ళు మూసుకుని నల్లటి పొడిని వాసన చూశాడు. కాస్త లవంగం వాసన తగిలింది కానీ, తోడల్లుడి జేబుదనుకున్నాడు.

"ఉంది. టన్నుకి నాలుగు గ్రాములు. మరీ సన్నం. మీ మిషన్లకి చిక్కదు."

"అది పళ్ళపొడి అన్నయ్యా. మీ మరదలు తెమ్మంది."

కొట్టు పగిలిపోయేలా నవ్వారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. తోడల్లుడొక్కడే నవ్వలేదు, అదే ఇంకా మండించింది.

బావ పొట్లం జాగ్రత్తగా మడిచి అతని చేతిలో పెట్టాడు.

"పళ్ళపొడని నాకూ తెలుసు. అందులో బంగారం లేదని నువ్వు చూశావా?"