శనివారం కొన్న కత్తి

బెడోక్‌లో ఒక అపార్టుమెంటు బ్లాకు కింద బంగారయ్య గారి కత్తుల కొట్టు. గురువారం మధ్యాహ్నం. కొట్లో సాయం చేసే అమ్మాయి శాంతి ఓ మూల రేడియో పెట్టుకుంది. చేతిలో గుడ్డసంచితో పరంధామయ్య గారు అద్దాల బల్ల ముందుకు వచ్చి అప్పటికి ముప్పావు గంటయింది.

"ఇదీ వద్దా సార్?"

"వద్దని కాదు బంగారయ్య గారూ. దీని వెన్ను మీద రంపపు పళ్లున్నాయి. ఆ పళ్లు కోయడానికి పనికిరావు, చీల్చడానికి అడ్డం వస్తాయని చదివాను."

"ఎక్కడ చదివారు?"

"మూడు చోట్ల."

"నలభయ్యేళ్లుగా కత్తులమ్ముతున్నాను, నేనొక్కచోటా చదవలేదు. సరే, అది పక్కన పెట్టండి. ఇది చూడండి. బల్ల మీద పెట్టాను, మీరే తీసుకోవాలి. కత్తి చేతికివ్వను, మా తాత నాటి అలవాటు. నాలుగంగుళాలు. మడత లేదు, స్ప్రింగు లేదు, ఊడడానికి ఏటీ లేదు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు."

"ఏ ఉక్కు?"

"స్టెయిన్‌లెస్."

"కార్బన్ ఉక్కుకైతే పదును ఎక్కువ కాలం నిలుస్తుందని..."

"నిలుస్తాది సార్. తుప్పు కూడా నిలుస్తాది. ఈ ఊరి తేమకి వారంలో ఎర్రబడిపోతాది. రోజూ తుడిచి నూనె రాసే ఓపికుంటే తీసుకోండి. ఇంతకీ ఎవరికి? ఈస్ట్ కోస్ట్ బీచిలో టెంటేసి చికెన్ వింగ్స్ కాల్చుకోడానికైతే ఇవన్నీ ఎందుకు, వంటింటి కత్తి చాలు లా."

"నాకే."

"మీకా!"

"నవ్వుతున్నారు."

"నవ్వడం లేదు సార్. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, కాగితం మీద నంబర్లేసి పదకొండు ప్రశ్నలు... ఉండండుండండి. ఆ కాగితం ఇలా తిప్పండి. ఈ రాత నేను చూశాను. మీ పని సైన్స్ పార్కులోనా?"

"అవును. మీకెలా..."

"ఇల్లు చోవా చూ కాంగ్. అలమాక్! మీరు అభిజిత్ నాన్నగారు! శాంతీ, చూశావా ఎవరొచ్చారో? ఆ పదకొండు ప్రశ్నల నాన్నగారు!"

"వాడు ఆ కాగితం మీకు చూపించాడా?"

"చూపించడమా? మూడు శనివారాలు నన్ను నిలబెట్టి పరీక్ష పెట్టాడు. మా నాన్న టూత్‌బ్రష్ కొన్నా ప్రశ్నపత్రం తయారుచేస్తారంకుల్, ఇవన్నీ అడక్కుండా కొంటే ఇంట్లోకి రానివ్వరు అన్నాడు. మాది శ్రీకాకుళం వైపని తెలిశాక తెలుగే మాట్లాడాడు, పాపం, సగం ఇంగ్లీషే అనుకోండి. ఏటి కబురు? కొండ ఎక్కేశాడా? వచ్చి ఫొటోలు చూపిస్తానన్నాడే!"

"ఎక్కాడు."

"దిగాడా?"

"దీనికి ఒర తోలుదా, ప్లాస్టిక్‌దా?"

"సార్, అబ్బాయి దిగాడా?"

"నలుగురు వెళ్లారు. ముగ్గురు దిగారు. అభిజిత్ ఆదివారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు."

"శాంతీ, ఆ రేడియో కట్టెయ్. కట్టెయ్యమ్మా. సార్, ముందు కూర్చోండి."

"నిలబడగలను."

"కూర్చోండి. ఎక్కడ? సరిహద్దు దాటాక ఆ జొహోర్ కొండేనా?"

"అదే. వాన పట్టుకుందట. వరసలో వీడు చివర. కౌశల్ అని వాడి స్నేహితుడు ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరిగి చూస్తే లేడట. వాళ్లు గంటసేపు పిలిచారు. ఇవాళ్టికి నాలుగు రోజులు. ముప్పైమంది వెతుకుతున్నారు. దారి చూపడానికి కౌశల్ అక్కడే ఉన్నాడు."

"మరి మీరు?"

"రెండు రోజులు అక్కడే ఉన్నాను. కింద గుడారం దాటనివ్వలేదు. మోకాలు చూసి, వయసు అడిగి, కుర్చీ వేశారు. మా ఆవిడ ఒంటరిగా ఉందని నిన్న వచ్చాను. రేపు పొద్దున్న మళ్లీ వెళ్తాను."

"గుడారం దాటనివ్వనప్పుడు కత్తెందుకు సార్?"

"చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదండీ."

"అంకుల్, కోపి తెచ్చాను. కొంచెం తాగండి, ప్లీజ్."

"థాంక్సమ్మా. అక్కడ పెట్టు."

"సార్, ఒక్క మాట చెప్తాను, వినండి. అడవిలో తప్పిపోయినవాళ్ల గురించి నేను చాలా విన్నాను. మా తాత రబ్బరు తోటల్లో బతికినవాడు. మనిషి దగ్గర ఏముంది అన్నదే మొదటి ప్రశ్న. అభిజిత్ దగ్గర కత్తుంది. అంతే. మీరు గుండె దిటవు చేసుకోండి."

"అంత తేడా ఉంటుందా?"

"ఉండదా? ఆకులు కోసి పైకప్పు వేసుకుంటాడు. వెదురు కోస్తే కాసిని నీళ్లు. తడికట్టె పైన చెక్కేస్తే లోపల పొడి ఉంటాది, నిప్పు అంటుకుంటాది. ఇదే బల్ల దగ్గర చెక్క ముక్క మీద చూపించాను వాడికి. పేము తీగ ఎలా కోయాలో కూడా."

"పేము తీగ..."

"ఇక్కడోళ్లు రొత్తాన్ అంటారు. ఒంటినిండా కొక్కేల్లాంటి ముళ్లు. బట్ట పట్టుకుంటాది, సంచి పట్టుకుంటాది, వదలదు. ముందుకి లాగితే దిగుతాది, వెనక్కి లాగితే ఇంకా దిగుతాది. కత్తున్నోడికి రెండు దెబ్బల పని."

"లేనివాడికి?"

"లేనివాడి సంగతి మనకెందుకు సార్?"

"ఊరికే. పోల్చి చూడడానికి."

"మీకు అన్నిటికీ పోలికే. లేనివాడు... చేతులతో మెలిపెట్టి తెంపాలి. అరిచేతులు పుళ్లవుతాయి. గంటలో పది గజాలు కూడా కదల్లేడు. చాలా? అసలు ముఖ్యమైంది మర్చిపోయాను. దారి తప్పానని తెలిస్తే ముప్పై అడుగులకో చెట్టు మీద గాటు పెట్టమన్నాను. నడుమెత్తున. తెల్లగా దూరానికి కనిపిస్తాది. ఈ మాట వెతికేవాళ్లకి చెప్పారా?"

"కౌశల్ చెప్పాడు. అభిజిత్ దారంతా వాళ్లకి ఆ గాట్ల సంగతే చెప్పాడట. ఆదివారం రాత్రే ఇంటికి, నా ఫోనుకి పంపి ఒక ఫారం నింపించారు. వెంట ఏమేమున్నాయి అని గళ్లు. టార్చి, విజిల్, వానకోటు, కత్తి."

"కత్తి రాశారు కదా?"

"పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది."

"రాశారా?"

"రాశాను."

"మంచిది. మరి గాట్లు కనిపించాయా?"

"ఒక్కటీ కనిపించలేదు. గాట్లు లేని చోట అటు వెళ్లలేదని గుర్తుపెట్టుకుని, ఆ భాగం వదిలేసి ముందుకు పోతున్నారు."

"సరిగ్గానే చేస్తున్నారు."

"తూర్పున ఒక వాగుంది. అక్కడ పేము పొదలో నీలం వానకోటు పీలిక దొరికింది. తీగలు కోసి లేవు. మెలిపెట్టి తెంపి ఉన్నాయి."

"వాడి వానకోటు?"

"నీలమే. అక్కడ సగంమంది వేసుకునేది అలాంటి కోటేనట."

"అయితే అది ఇంకెవరిదో, పాతది. కత్తున్నోడు తీగ మెలిపెట్టడు సార్. ఎందుకు పెడతాడు?"

"వాళ్లూ అదే అన్నారు."

"మరి! అటు వెతకడం మానేసి మంచి పనే చేశారు. ఏం సార్, అలా చూస్తారు? మీ ఫోను మోగుతోంది."

"ఒక్క నిమిషం. ఆ, సీతా... లేదు, కౌశల్ ఇంకా ఏమీ పెట్టలేదు... బెడోక్‌లో. ఆ కొట్లోనే... నేనేమీ కొనలేదు... ఇవాళ గురువారం, శనివారం కాదు... అవును, నవ్వాను. వాడి ముందే నవ్వాను. కాదన్నానా?... నువ్వు ఏమైనా తిను. అక్షర వచ్చిందా? ఇవ్వు దానికి... అమ్మ చేత ఏమైనా తినిపించరా... ఐ నో. ఐ నో, నాన్నా. వస్తున్నాను."

"చెల్లెమ్మగారా?"

"ఆవిడే. అక్షర మా అమ్మాయి. బిల్లు మీద తేదీ చూసింది సీత. శనివారం కొన్న ఇనుము, ప్రయాణంలో పిల్లాడి వెంట పంపొద్దు అంది. పోయిన గురువారం, వాడు బయల్దేరే ముందురోజు, భోజనాల దగ్గర పెద్ద వాదన. నేను ఉపన్యాసమే ఇచ్చాను. ఇనుప ఖనిజానికి వారాలు తెలుస్తాయా అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. ఆవిడ కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు నాలుగు రోజులుగా ఆవిడ నోట ఒకటే మాట. ఆ కత్తి వెంట వెళ్లబట్టే ఇలా జరిగిందని."

"తప్పు నాది సార్."

"మీదెలా అవుతుంది?"

"మా నాన్న శనివారం తెలుగువాళ్లకి కత్తి అమ్మేవాడు కాదు. షట్టరు సగం దించి లోపల సాన పట్టుకుంటూ కూర్చునేవాడు. నేను మొదలుపెట్టాను. శనివారమే కదా జనం వచ్చేది! అయినా అబ్బాయికి చెప్పాను, రేపు రా బాబూ, దాచి ఉంచుతాను అని. రేపు ట్యూషనంకుల్, మా నాన్న ఇవన్నీ నమ్మరు లా అన్నాడు. ఇక్కడోళ్లు మాట చివర తగిలించే ఆ 'లా' నా దగ్గరే నేర్చినట్టు నవ్వాడు."

"నమ్మను."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడూ నమ్మను."

"మరి ఎందుకు సార్ అంత బాధ? నమ్మనప్పుడు కత్తి వెంట ఉండడం మంచిదే కదా. చెల్లెమ్మకి అదే చెప్పండి. ఆ కత్తే వాణ్ని తీసుకొస్తాదని చెప్పండి. నేనొచ్చి చెప్పనా?"

"వద్దు."

"రెండు ముక్కలు. పెద్దవాణ్ని, నా మాట వింటారు."

"వద్దన్నాను కదండీ! క్షమించండి. గొంతు లేచింది. ఆ చివరిది చూపించండి."

"చూపిస్తాను. కానీ సార్, ఇన్ని చూశారు, మీకు నచ్చేది ఒకటే ఉంది. అభిజిత్ తీసుకున్నటువంటిదే ఇంకొకటి లోపలుంది. నారింజ రంగు పిడి. ఆకుల్లో పడిపోయినా కనిపించాలి, అది మీ ఆరో ప్రశ్న. తడిచేతికి జారకూడదు, అది ఏడోది. పదకొండుకి పదకొండు మార్కులొచ్చిన కత్తి అదొక్కటే. తెస్తానుండండి."

"తేవద్దు."

"ఎందుకు?"

"నాకు కొత్తది అక్కర్లేదనుకుంటాను. ఈ సంచిలో ఒకటుంది. దీనికి పదును పెట్టాలేమో, చూసి చెప్పండి."

"ముందే చెబితే ముప్పావు గంట మిగిలేది కదా సార్! ఇవ్వండి... చేతికి కాదు, బల్ల మీద పెట్టండి. పాతదా? ఒరలోంచి... ఇదేటి? ఇది... ఈ తాడు నేను అల్లిందే. ఈ ముడి నాదే, ఈ ఊళ్లో ఇంకెవరూ వెయ్యరు. సార్, ఇది అభిజిత్ కత్తి! దొరికిందా? సార్, అబ్బాయి దొరికాడా? శాంతీ! అబ్బాయి కత్తి దొరికిందే! ముందే చెప్పొచ్చు కదా సార్, నా ప్రాణం..."

"బంగారయ్య గారూ."

"ఎక్కడ దొరికింది?"

"పదును చూడండి."

"పదునుకేం సార్, నేను పెట్టి ఇచ్చినట్టే ఉంది. మీద నూనె కూడా ఆరలేదు. ఒక్క ఆకు కూడా కోసినట్టు... ఒక్క ఆకు కూడా... సార్?"

"నా పుస్తకాల బీరువాలో దొరికింది. నిఘంటువుల వెనక. నేనే పెట్టాను."

"మీరా?"

"శుక్రవారం పొద్దున్న. వాడు స్నానానికి వెళ్లాడు. సంచి హాల్లో ఉంది. సీత పూజ గది ముందు కళ్లు మూసుకుని కూర్చుంది, ముఖం పీక్కుపోయి ఉంది. ఏమైతే అయింది, ఒక కత్తి లేకపోతే మునిగిపోయేది ఏముంది అనుకున్నాను. నేను నమ్మలేదండీ. ఇప్పటికీ నమ్మను. అయినా తీశాను. తీసి, ఆవిడకి చెప్పలేదు. అంత నవ్విన తరవాత, తీశానని ఏ ముఖంతో చెప్పను?"

"అబ్బాయికి?"

"మొదటి రాత్రి గుడారం వేసేటప్పుడు మెసేజ్ పెట్టాడు. నాన్నా, కత్తి ఇంట్లో మర్చిపోయినట్టున్నాను, అమ్మకి చెప్పకు, సంతోషిస్తుంది అని. నవ్వు బొమ్మ పెట్టాడు. కౌశల్‌కి కూడా చెప్పినట్టు లేడు. కత్తి గురించి అంత గొప్పలు చెప్పి ఉంటాడు కదా."

"సార్. ఆ ఫారం."

"తెలుసు."

"ఆ వాగు. ఆ పీలిక. మెలిపెట్టిన తీగలు. సార్, అది వాడే! వాళ్లు అటు వెతకడం మానేశారు సార్!"

"తెలుసు. నిన్నటి నుంచి తెలుసు. నిన్న రెండుసార్లు, ఇవాళ పొద్దుట్నుంచి ఐదుసార్లు నంబరు నొక్కాను. హలో అంటారు. పెట్టేస్తాను. ముప్పయ్యేళ్లు ఆఫీసులో ఇతరులు రాసిన వాక్యాలు దిద్దిన మనిషిని. ఈ ఒక్క వాక్యం నోట పలకదు. అందుకే ఇక్కడికి వచ్చానేమో. మీరు చూడగానే గుర్తుపడతారని."

"ఇలా ఇవ్వండి ఫోను. నేను చెప్తాను. వాళ్లతో మలయ్‌లో చెప్తాను."

"వద్దు. నేనే నొక్కాను, అటు మోగుతోంది, ఉండండి... కౌశల్, నేను బాబూ, అంకుల్‌ని. ఆ వెతికే పెద్దాయన పక్కనే ఉన్నారా?... ఆయన్ని పిలువు. పిలిచి, నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. గాట్ల కోసం చూడొద్దను. వెంటనే ఆ వాగు దగ్గరికి వెళ్లమను. ఆ ఫారం తప్పు నింపాను నాన్నా. వాడి దగ్గర కత్తి లేదు."