ఫరహత్ మేడం గోడ మీది రెండు చార్టులు

మీ తెల్లాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల గూడ ముందుగాల బొమ్మలే గీస్తరా మహితా? గీస్తే గీసిన్రు గని, ఫరహత్ మేడం లెక్క గీసెటోళ్లను నేను మల్ల చూడలే. నువ్వప్పటికి పుట్టలే బిడ్డా. గడ్డపోతారంల మందుల కంపెనీ, నేను స్టోర్ల పనిచేస్తుంటి. లెక్కలన్ని కంప్యూటర్ల ఎక్కియ్యాలెనని ఆమెను సంగారెడ్డి నుంచి కాంట్రాక్టు మీద పిలిపించిన్రు. బక్కపల్చని మనిషి. కంప్యూటర్ ముంగట కూసుంటదనుకుంటే, డ్రమ్ముల ఎంబడి తిరుగుడు పట్టింది. తిరిగి తిరిగి ఒక చార్టు మీద బాణాలు గీసింది, సరుకు యాడికెల్లి యాడికి పోతదో. ఇంకో చార్టు మీద గడులు, డ్రమ్ముకు ఏం రాయాలె, బ్యాచ్‌కు, అంటే ఒక్కపారి తయారైన మందుకు, ఏం రాయాలె అని. మేనేజర్ త్రినాథరావు సారుకు మండింది. ఆయనది కాకినాడ దిక్కు, మాట సాగదీస్తడు. "ఏవమ్మా, ఒక్క ఇంటికి రెండు ప్లాన్లేంటి? ఏదో ఒకటి పట్టుకో. సోమవారం సిస్టమ్ మొదలవ్వకపోతే నీ కాంట్రాక్టు ఉండదు" అన్నడు. ఇంట్ల ఆమె ఒక్కతే సంపాదించేది, మాకందరికి ఎరకే.

ఆమె ఏం జేసింది, రెండు చార్టులు పక్కపక్కన గోడకు అంటించింది. బాణాల చార్టుల, సీసాలల్ల నింపంగ మిగిలిన మందు స్టోరుకు వాపస్ వస్తది. గడుల చార్టుల, ఒక్క డ్రమ్ముకు ఒక్కటే బ్యాచ్ నంబరు. మేమేమో, జెర జాగ కలిసొస్తదని, మిగిలిన సగం డ్రమ్ముల ఇంకో బ్యాచ్ మిగులు పోసేటోళ్లం. గట్ల పోసుడు తప్పని ఎవ్వలం అనుకోలే. రేపు ఆ మందు మీద ఫిర్యాదొస్తే ఏ బ్యాచ్‌దని దేవులాడాలె? ఆమె గదే చెప్తే సారు వింటే గదా. "చిన్న విషయాలమ్మా, తర్వాత చూద్దాం."

ఇగ ఆమె కంప్యూటర్ తెరలు కాగితాల మీద గీసుకొచ్చి టేబుల్ మీద పరిచింది. "సార్, ఇయ్యాల మీరే స్టోర్ కీపర్" అన్నది. సారు నవ్వుకుంట కూసున్నడు. కొత్త డ్రమ్ము వచ్చిందంటే టకటక రాసిండు, పోయిందంటే రాసిండు. ఆఖరుకు రెండు బ్యాచ్‌లు కలిపిన చిన్న డ్రమ్ము తెచ్చి ఆయన ఒళ్లె పెట్టింది. "ఇది గూడ ఎక్కించుండ్రి." కాగితాలు అటు తిప్పె, ఇటు తిప్పె. నంబరుకు ఒక్కటే గడి. "ఏదో ఒకటి రాస్తాను." "ఏది సార్?" మేం నవ్వాపుకోలేక బయటికి ఉరికినం. సారు పెన్ను పక్కకు పెట్టిండు. "ఎన్నాళ్లు కావాలి?" "కలిపి పోసుడు బంద్ చెయ్యాలె, తెరలు మార్చాలె. ఇంకో వారం." "తీసుకో. కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటా."

ఆమె మొఖంల నవ్వన్నది లేకుండ, "మెహర్బానీ సార్. ఇగ ఆ డ్రమ్ము కింద పెట్టుండ్రి" అన్నది. సారు అప్పటిదాంక డ్రమ్ము ఒళ్లెనే పట్టుకోని కూసున్నడు…

లే బిడ్డా, నీ బస్సు టైమైతున్నది.