నలభై ఒకటో నంబరు వంతు

గుమాస్తాగిరిలో తల నెరిసిన హంపయ్య దొంగ హాజర్లు చాలానే పట్టాడు గానీ, తనకంటే పెద్దవాణ్ణి పట్టడం ఇదే మొదలు. బళ్లారిలో ఒక కాలేజీ ఆఫీసు గది, మధ్యాహ్నం భోజనాల వేళ. బల్లకు అవతల, ఒళ్లో టిఫిన్ కారియరు పెట్టుకుని, కురుగోడు దగ్గర కాలవ కింద వలస రైతుల క్యాంపులో సేద్యం చేసుకునే గుంటూరు రైతు పున్నయ్య.

“కాదప్పా, నేనడిగేది ఒగటి, నువ్వు చెప్పేది ఒగటి. క్లాసులో కూచుంటివా లేదా?”

“కూర్చున్నానండీ.”

“నంబరు పిలిస్తే పలికితివా లేదా?”

“పలికానండీ.”

“ఏమని?”

“ప్రెజెంట్ సార్ అనండీ. అందరూ అదే అంటున్నారు గదాని.”

“నలభై ఒకటో నంబరు నీదా?”

“మావాడిదండీ. శ్రీమన్నారాయణ. బి.ఎ. మూడో ఏడు, చరిత్ర.”

“అది రిజిస్టర్లో ఉండాది, నాకూ తెలుసు. కొడుకు నంబరుకు తండ్రి పలికేదేందని అడుగుతాండా. ఈ పొద్దు చరిత్ర సారు ప్రశ్న అడిగితే నువ్వు లేసి నిలబడితివంట. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకోని, మళ్లీ పెట్టుకోని చూసినాడంట. నా కాడికొచ్చి తల పట్టుకోని కూచున్నాడు.”

“జవాబు తప్పు చెప్పానాండీ?”

“తప్పూ ఒప్పూ కాదప్పా ఈడ. ఏం అడిగినాడు?”

“విజయనగరం రాజులు తుంగభద్ర మీద ఆనకట్టలు ఎందుకు కట్టారని అడిగారు. నీళ్ళ కోసమండీ అన్నాను. పిల్లలు నవ్వలేదండీ.”

“అదే సారూ అన్న్యాడు. ఆ క్లాసు అంత గమ్మున ఎప్పుడూ లేదంట. పక్కన కూచున్న పిల్లోల్లన్నా చెప్పకూడదా? వాల్లూ నువ్వూ కలిసి ఆడతాండారా ఈ ఆట?”

“వాళ్ళనేమీ అనకండి. జరిగి చోటిచ్చారు, అంతే.”

“మీవాడు యాడుండాడు? కౌల్ బజార్లో కాఫీ హోటల్లో కూచున్నాడా, నువ్వు ఈడ హాజరు ఏయించుకుంటాంటే?”

“లేదండీ.”

“జ్వరమా?”

“కాదండీ.”

“మరి రావల్ల కదా. ముక్కాలు వంతు హాజరు లేకుంటే పరీక్షకు కూచోనియ్యరు. యూనివర్సిటీ రూలు. నేను పెట్టింది కాదు.”

“అదేనండీ. అది వినబట్టే నేను…”

“అది విని నువ్వొచ్చి కూచుంటివి.”

“మా క్యాంపులో కాలవ పూడిక తీసేటప్పుడు ఇంటికో మనిషి వెళ్ళాలండీ. నాకు బాగోకపోతే మావాడు వెళ్ళేవాడు. వాడికి పరీక్షలుంటే నేను. ఎవరెళ్ళినా కాలవ కాసే లష్కరు మా ఇంటి పేరు మీద టిక్కు పెట్టుకుంటాడు. వంతు తీరినట్టే.”

“ఇది కాలవ కాదప్పా, కాలేజీ.”

“అవునండీ.”

“కాలవలో మట్టి యవురు తీసినా పోతాది. చదువు అట్ల కాదు. యవురి తలకాయలోకి వాల్లే ఎక్కించుకోవల్ల.”

“అవునండీ.”

“ఊరికే అవునండీ అవునండీ అంటే ఏమొస్తాది? రేపు మీవాణ్ణి పిల్చుకోని రా. నువ్వు కాదు, వాడు. ప్రిన్సిపాల్ ముందర నిలబడి తప్పయిందంటే ఏమీ అనకుండా సుమ్నె ఇడిసిపెడతారు. రేపు వస్తాడా?”

“రాడండీ.”

“ఎల్లుండి?”

“రాడండీ.”

“ఏమప్పా, అలిగినాడా? చదివింది చాల్లే, మడక పట్టి దున్ను అంటివా?”

“లేదండీ. పోయాడండీ.”

“యాడికి పోయినాడు?”

“పోయాడండీ. పాము కరిచింది. పెద్దకర్మ కూడా అయిపోయింది. రిజిస్టర్ మూసేశారేంటండీ?”

“ఏం లేదు. గాలికి కాగితాలు ఎగురుతాండాయి. నీల్లు తాగుతావా?”

“వొద్దండీ.”

“ఉండు. దుర్గప్పా. ఏ దుర్గప్పా, ఒక చెంబు నీల్లు తే ఈడికి. నాకు యవురూ చెప్పలేదప్పా. ఆ పిల్లోల్లకు తెలుసా?”

“కొందరు మా క్యాంపుకొచ్చారండీ, ఆ రోజు.”

“అందుకే నవ్వలేదు.”

“అయ్యుండొచ్చండీ.”

“ఎట్లయింది?”

“రాత్రిపూట నీళ్ళు పెట్టాలండీ. మా తూముకు ఆ రాత్రి వంతొచ్చింది. నాది. నాకు మోకాలు వాచి ఉంది. ‘నువ్వు పడుకో నాన్నా, నే వెళ్తా’ అని వాడు లాంతరు తీసుకున్నాడు. గట్టు మీద కరిచింది. కురుగోడు దాకా బండి మీద తెచ్చాం. అంతే.”

“నీ వంతా?”

“నా వంతేనండీ. లష్కరు మా ఇంటి పేరు మీద టిక్కు పెట్టుకున్నాడు. పొలం తడిసింది. ఇంకేం అడగరాండీ?”

“నీల్లొచ్చినాయి. తాగప్పా.”

“తాగుతానండీ. అందుకని, వాడి వంతు ఇక్కడ నేను కూర్చుంటే…”

“అట్ల కాదు లేప్పా.”

“కాదని నాకూ తెలుసండీ.”

“తెలిసీ ఎందుకు వస్తాండావు మరి? ఆ బస్సులో తోసుకుంట, ఆ కారియరు పట్టుకోని?”

“మా ఆవిడండీ.”

“ఆయమ్మకేమయింది?”

“సరోజిని ఏడవలేదండీ. అప్పుడూ ఏడవలేదు, ఇప్పుడూ ఏడవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే లేచి వంట చేసింది. కారియరు సర్ది నా చేతికిచ్చింది. అబ్బాయి ఇది మర్చిపోయి వెళ్ళాడు, కాలేజీలో ఇచ్చి రండి అంది.”

“నువ్వేమంటివి?”

“ఏమనాలండీ? తీసుకుని బస్సెక్కాను. సాయంత్రం వెళ్ళగానే, ఇవాళ ఏం చెప్పారట క్లాసులో అని అడిగింది. వాడు రోజూ చెప్పేవాడండీ, ఆవిడ బియ్యం ఏరుకుంటుంటే పక్కన కూర్చుని. నేను నీళ్ళు నమిలాను. ఇలా లాభం లేదని మర్నాడు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. వినిపోదామనే వచ్చానండీ, పలకాలని కాదు.”

“మరి పలికితివి కదా.”

“నలభై అన్నారు, పలికారు. నలభై ఒకటి అన్నారు. ఎవరూ పలకలేదు. సారు తలెత్తకుండా మళ్ళీ నలభై ఒకటి అన్నారు. నోరు దానంతటదే పలికిందండీ. తర్వాత రోజూ పలకక తప్పలేదు.”

“ఇంటికి పోయి పాఠం చెప్తాండావా?”

“గుర్తున్నంత మట్టుకు. నిన్న కృష్ణదేవరాయలు అయిపోయాడండీ. పండగలు, ఏనుగులు, కవులకు సన్మానాలు, అవన్నీ చెప్పాను. ఆయన కొడుకు చిన్నప్పుడే పోయాడటగా. అది చెప్పలేదు.”

“చెప్పకపోతేనే మేలు. మీవాల్లేమంటారు?”

“మా బావమరిది పిచ్చయ్య, మనసు చెదిరింది, ఊరికి తీసుకుపోయి డాక్టరుకు చూపిద్దామంటున్నాడు. నేనే వద్దన్నాను. కారియరు కడుతోంది, అన్నం వండుతోంది. ఈ క్లాసు కాస్తా మానేస్తే సాయంత్రం ఆవిడకేం చెప్పనండీ? అప్పుడు నిజంగానే చెదురుతుందేమోనని నా భయం.”

“భయపడేదే.”

“మొన్న ఇంకోటి అడిగిందండీ. బి.ఎ. అవ్వాలంటే వాడింకా ఏమేం చదవాలి అని. నాకు తెలీదు. మీరు చెబితే…”

“ఇప్పుడా?”

“ఇప్పుడేనండీ. బస్సుకింకా టైముంది.”

“ఏం చెప్పల్లప్పా నేను… సరే, విను. పీయూసీ అయినంక మూడేండ్లు. ఇంగ్లీషు ఉంటాది. దానెంట రెండో భాష ఒగటి. కన్నడమో తెలుగో సంస్కృతమో, ఏదన్నా తీసుకోవచ్చు. మీవాడు తెలుగు తీసుకున్న్యాడు. ఆ రెండూ అప్పుడే పాసయినాడు.”

“కన్నడం తీసుకోమన్నానండీ నేను. మైసూరు రాష్ట్రంలో ఉంటున్నాం, రేపు ఉద్యోగానికి పనికొస్తుందని.”

“ఇన్లేదా?”

“తెలుగులో మార్కులొస్తాయన్నాడు.”

“వచ్చినాయి. తర్వాత పెద్ద సబ్జెక్టు చరిత్ర. దాని జతకు చిన్నవి రెండు, రాజనీతి, అర్థశాస్త్రం. మీవాడు అర్థశాస్త్రం వద్దు, భూగోళం ఇయ్యి అన్న్యాడు. భూగోళం మన కాలేజీలో లేదురా నాయనా అంటే ఇనడే. నా బల్ల చుట్టూ తిరిగినాడు.”

“తిరిగాడాండీ?”

“తిరిగినాడు. నేను కసురుకుంటే నవ్వేటోడు. ఆయ్తు సార్, సరే సార్, రేపొస్తా అని పోయేటోడు. ఇప్పుడు గుర్తుకొస్తాండాడు నాకు. సన్నగా, పొడుగ్గా.”

“పొడుగేనండీ. ద్వారబంధానికి తల తగిలేది. చెప్పండి. చరిత్రలో ఏమేం?”

“హిందూదేశమంతా ఉంటాది. ఇంగ్లండు ఉంటాది, యూరపు ఉంటాది. ఆఖరి ఏడు ఒక కాలం ఎంచుకోని లోతుగా చదవల్ల. మొగలాయిలు కావాలంటే మొగలాయిలు, విజయనగరం కావాలంటే విజయనగరం. మీవాడు విజయనగరం తీసుకున్న్యాడు.”

“హంపి దగ్గరే గదా అని.”

“అందరూ అందుకే తీసుకుంటారు.”

“అయితే ఇంకెంత మిగిలిందండీ?”

“ఈ ఏటి చరిత్ర పేపర్లు. అవి రాస్తే బి.ఎ.”

“అవి ఇంట్లోవాళ్ళెవరైనా…”

“లేదప్పా.”

“తండ్రి పోతే పొలం పట్టా కొడుక్కి మారుతుందండీ. కొడుకు పోతే తండ్రికి. సగం కోసిన చేను అలా వదిలెయ్యరు గదా ఎవరూ.”

“డిగ్రీకి వారసులు ఉండరప్పా.”

“ఉండరాండీ?”

“ఉండరు.”

“పోనీ నేనే మొదట్నుంచీ చదివితే?”

“నువ్వెంత దంకా చదివినావు?”

“అయిదో క్లాసండీ.”

“అయితే ముందర ఎస్సెల్సీ కావల్ల. దాని మీద పీయూసీ. దాని మీద మూడేండ్లు. కాలేజీకి రాకుండా ఇంట్లో చదివి రాసేది ఒగటి ఉండాది గానీ, అది ఆడోల్లకూ పంతుల్లకే. సేద్యం చేసేటోల్లకు ఆ రూలు లేదు.”

“అవునండీ. మాకు టైమెక్కడిది.”

“హంపయ్యన్నా, బెల్లు కొట్టేస్తాండా. ఆ పెద్దాయన సంగతి ఏమాయ అని చరిత్ర సారు అడిగి రమ్మన్న్యాడు.”

“కొట్టు దుర్గప్పా. నేనొచ్చి చెప్తానని చెప్పు సారుకు. పో.”

“బెల్లయిందండీ. మళ్ళీ చరిత్రే ఇప్పుడు.”

“కూచోప్పా.”

“తళ్ళికోట యుద్ధం మొదలుపెడతామన్నారు సారు.”

“కూచో అంటాండా కదా. ఆ యుద్ధం యాడికీ పోదు. ఇను. ఆ నంబరు నేను కొట్టెయ్యల్ల.”

“కొట్టెయ్యండి.”

“రేపట్నుంచి నలభై అయినంక నలభై రెండు అంటాడు సారు.”

“అనాలి గదండీ మరి.”

“నీకు బాధయితే చెప్పు, రెండు దినాలు ఆగి కొడతా.”

“ఎప్పుడు కొట్టినా అదే గదండీ.”

“అదీ నిజమే. క్లాసులో కూచునేదానికి నేను అడ్డం రాను. సారుకు నేను చెప్పుకుంటా. వెనక బెంచీలో కూచో, ఇను, పో. పలకద్దు, అంతే.”

“పలకనండీ.”

“కానీ ఎన్నాల్లప్పా? ఎండాకాలం వస్తానే పరీక్షలు, ఆ తర్వాత ఆ బెంచీలు ఖాళీ. అప్పుడేం పాఠం చెప్తావు ఆయమ్మకు? ఎప్పుడో ఒగ దినం చెప్పల్ల కదా, కొడుకు రాడమ్మా అని. నువ్వే చెప్పకపోతే ఆయమ్మ యట్ల తేరుకుంటాది?”

“అదే ఆలోచిస్తున్నానండీ రోజూ బస్సులో.”

“ఏం తోచింది?”

“ఏమీ తోచదండీ. బళ్ళారి వచ్చేస్తుంది.”

“అన్నం తింటివా?”

“లేదండీ. మీరు పిలిపించారు గదా.”

“దినమ్మూ ఆ కారియరు ఏం చేస్తావు? యవురికన్నా ఇస్తావా?”

“కాలేజీ వెనకాల కూర్చుని నేనే తింటానండీ. ఖాళీది తీసుకెళ్ళాలి. మిగిలిస్తే ఆవిడ ఊరుకోదు.”

“ఈడనే తిను. నా ముందర సిగ్గేంది? ఆ మూత ఇట్ల తీయి. ఏం పెట్టింది?”

“వంకాయ కూరండీ.”

“నిన్న?”

“నిన్నా వంకాయేనండీ.”

“అంత ఇష్టమా?”

“నాకు ప్రాణమండీ.”

“నీకు కాదప్పా, మీవాడికి.”

“వాడు వంకాయ ముట్టడండీ. చిన్నప్పట్నుంచీ అంతే, కంచంలో కనబడితే లేచిపోయేవాడు. వాడి కోసం మా ఇంట్లో వంకాయ వండటమే మానేసింది ఆవిడ.”

“మరి ఇప్పుడు… మర్చిపోయిందా ఆయమ్మ?”

“ఆవిడ మర్చిపోదండీ. మొదటి రోజూ ఇదే కూర. రోజూ తింటూనే ఉన్నాను గానీ, మీరడిగితే ఇప్పుడు చూస్తున్నాను. ఇది నాకు కట్టిన కారియరండీ.”