కోతల హనుమన్న కూతురు

కర్నూలులో ఒక ఆసుపత్రి. ఆపరేషన్ గది బయట మంచం మీద హనుమన్న. తల దగ్గర అతని కూతురు, సర్జన్ ఉరుకుందమ్మ.

“వద్దు మా. నన్ను ఆదోని బస్సెక్కియ్యి. ఇంటికి పోతా.”

“పేగు మెలికపడి ఉండాది నాయనా. ఇప్పుడు కొయ్యకుంటే తెల్లారేది చూడవు.”

“చూడకుంటే చూడను. ఎనభై దాటిందిలే.”

“అట్ల మాట్లాడద్దు. చెయ్యి ఇట్లియ్యి. ఎందుకు వణుకుతాండావు?”

“చలి.”

“ఏసీ ఆపించి శానా సేపాయె.”

“భయమనుకో పో. భయమే. నీకు లేదా?”

“నాకేమిటికి? దినామూ చేసే పనే.”

“మరి నీ చెయ్యి ఇంత చల్లగుండాదే?”

“ఇప్పుడే... ఇప్పుడే కడుక్కోనొచ్చినా. మాట మార్చద్దు నాయనా. ఊర్లో గడ్డలు కోసేటప్పుడు నువ్వేమంటాంటివి? ‘గడ్డను చూడద్దప్పా, నా మొగం చూడు’ అంటాంటివి. ఇప్పుడు నువ్వు నా మొగం చూడు.”

“నీకింకా గ్యాపకముందా అది?”

“లాంతరు పట్టింది నేనే కదా. గొర్రెకు పుండు పడినా, మనిషికి గడ్డ లేసినా మనింటికే వస్తాండ్రి. బడిలో ‘కోతల హనుమన్న కూతురు’ అని ఎక్కిరిస్తాండ్రి. మా నాయన గడ్డలే కోస్తాడు, ఉత్త కోతలు కొయ్యడు అని కొట్లాడేదాన్ని. ఈపొద్దుకూ నా దగ్గర నేర్చుకునే పిల్లోల్లకు మొదటి పాఠం నీ మాటే. మొగం చూపియ్యండి, తర్వాత కత్తి పట్టండి అని.”

“ఇందాక నన్ను చూసిపోయిన ఆ శివాని పాపకు గూడా చెప్పినావా?”

“దానికీ చెప్పినా. ఈ పని నా తర్వాత బాగా తెలిసింది దానికే. లోపల అంతా సిద్ధం చేస్తాండాది. సరే అను నాయనా.”

“మా చేత కాదు, యాడికన్నా తీసుకపోండి అని పెద్ద డాక్టర్లు ఇడిసిపెట్టినోల్లను గూడా నువ్వు కోసి బతికిస్తివంట కదా.”

“ఊ. ఇంకేమి నీకు భయం?”

“చెప్పలేను మా.”

“నాకు తెల్సు. అమ్మ సంగతే కదా.”

“ఆ మాట ఎత్తద్దు.”

“ఎత్తుతా. అమ్మ తొడమింద గడ్డ నువ్వే కోస్తివి. వారం తిరక్కుండా అమ్మ పోయె. డాక్టరైనంక నాకు తెలిసింది, విషం అప్పటికే ఒళ్లంతా పాకిండాది. ఎవరు కోసినా బతికేది కాదు.”

“అదీ తెల్సు. ఎన్నోసార్లు చెప్తివి.”

“మరి కత్తంటే ఏమిటికింత భయం?”

“కత్తంటే కాదు పాపా.”

“టైం లేదు నాయనా. నీకు దండం పెడతా. నిన్ను ఇంకొకరి చేతికియ్యాలంటే నాకు ధైర్యం చాలదు. భయమే, ఒప్పుకుంటాండా. నేనే చేస్తా, నేనే.”

“అదే మా నా భయం.”

“నా చేతిమింద నమ్మకం లేదా?”

“శానా ఉండాది. అయినా పానం నీ చేతిలో లేదు కదా. మీయమ్మ పోయినంక నాకు కత్తి పట్టేకి చెయ్యి రాలేదు. గొర్రెను గూడా ముట్టలా. నీ కత్తి కింద నేను పోతే నీకూ చెయ్యి రాదు. నీ చేత కోయించుకునేకి బయట ఎంతమంది కూచోనుండారో చూస్తి. నన్ను కొయ్యండి, కాదన్ను. ఆ శివానిని కొయ్యమను. నువ్వు మాత్రం ఈ గడప దాటద్దు.”