తాయిస్తో సొంతంగా కట్టిన కెర్నల్

ఉత్తరాన మంచుదేశంలో ఉన్న ఔలు ఊళ్లో మా శనివారం కంప్యూటర్ల క్లబ్బుకి అందరూ పాత లాప్‌టాప్‌లు మోసుకొస్తారు. తాయిస్తో వాటితోపాటు కోతలు కూడా మోసుకొస్తాడు. ఆ రోజు క్లబ్బు నడిపే హిల్లెవి అతని యంత్రాన్ని లోపల్నుంచి నడిపే మూల ప్రోగ్రాం, అదే కెర్నల్, చూసి పెదవి విరిచింది.

"నీ కెర్నల్‌కి రెండేళ్లుగా మరమ్మతుల్లేవయ్యా. ఎవడైనా దూరిపోతాడు. అందరూ వాడే అధికారిక కెర్నల్ ఎక్కిస్తాను, ఇలా ఇవ్వు."

"అధికారికమా? లక్షమందికి ఒకే కొలతతో కుట్టిన చొక్కా అది! యంత్రం మీద పెత్తనమంతా కెర్నల్‌దే కదా, ఆ పెత్తనం పరాయివాళ్లకి అప్పజెబుతానా? నాది నేనే కట్టుకున్నాను. అక్కర్లేనివన్నీ పీకేశాను. ఒక్కసారికే కుదిరింది! అంతకుముందు బ్యాటరీ రెండు గంటలొచ్చేది, ఆ తర్వాత తొమ్మిది."

"మొన్న ఏడన్నావు," అన్నాడు పక్క కుర్చీలోని యోర్మా, కాఫీ ఊదుకుంటూ.

"మొన్న నువ్వు తట్టుకోలేవని తగ్గించి చెప్పానోయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం గడిచినా చార్జరు అడగలేదు. ఆ తీగతో కుక్కని కట్టేసుకున్నాను. ఫ్యాను తిరగడం మానేసింది, వేడుంటే కదా తిరగడానికి! అనుమానమొచ్చి దాన్ని సౌనాలోకి, అదే మా ఇంటి ఆవిరిగదిలోకి, తీసుకెళ్లి పైబల్ల మీద పెట్టాను. నూరు డిగ్రీల సెగ. పది నిమిషాల్లో సౌనాయే చల్లారిపోయింది! తువ్వాలు కట్టుకొచ్చిన మా బావమరిది కోటు తెప్పించుకుని కూర్చున్నాడు."

"పొయ్యి మీద కాగే రాళ్ల మీద మంచు కురవలేదూ?" అన్నాడు యోర్మా.

"కురిసింది. నువ్వు నమ్మవని ఆ ముక్క దాచాను. ఇంకా విను. ఫిబ్రవరిలో చేపల కోసమని గడ్డకట్టిన సరస్సు మీదికెళ్లి దీన్ని అక్కడే మర్చిపోయొచ్చాను. మే నెలలో మంచు కరిగాక వెళ్తే ఒడ్డున దొరికింది. తెరిస్తే బ్యాటరీ వదిలినప్పటికన్నా పెరిగి ఉంది! ఇంట్లో పెట్టిన మర్నాడే కరెంటువాళ్లొచ్చారు, అయ్యా, మీ మీటరు వెనక్కి తిరుగుతోంది, సగం ఊరికి మీ ఇంటి కరెంటే వస్తోంది, కాస్త దయచూసి ఆపకండి అని. ఆఖరికి ఆ అధికారిక కెర్నల్ రాసేవాళ్లే ఉత్తరం రాశారు. మీది మాకిచ్చేస్తే మాది చెత్తబుట్టలో వేసేస్తాం అన్నారు!"

అందరం పడీపడీ నవ్వాం. హిల్లెవి నవ్వలేదు. అతను చేతులు తిప్పుతూ చెబుతున్నంతసేపట్లో లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఒక వరుస టైపు చేసింది.

"తాయిస్తో, కట్టినవాళ్ల పేరు కెర్నల్‌లోనే ఉంటుంది. ఎన్నోసారి కట్టారో కూడా ఉంటుంది. ఇక్కడ తూలియా అని ఉంది. నలభై మూడోసారి."

మా నవ్వు ఆగిపోయింది. తూలియా అతని ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ల కిందట క్యాన్సర్‌తో పోయింది. అంత్యక్రియలకి మేమంతా చర్చికి వెళ్లాం, తిరిగొచ్చాక ఆ పేరు అతని ముందు ఎత్తలేదు. అది మర్యాద అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"నలభై మూడా?" అన్నాడు తాయిస్తో. గొంతు చాలా చిన్నదైపోయింది. "సరిగ్గా చూడు తల్లీ."

"నలభై మూడే. మార్చి పద్దెనిమిది, ఆదివారం."

"పోవడానికి తొమ్మిది రోజుల ముందు." తెర మీద ఆ పేరుని వేలితో తాకాడు. "కూర్చునే ఓపిక కూడా లేదు దానికి. మంచం మీద ఒత్తిగిలి టైపు చేసేది. నేను వంటింట్లో కాఫీ కాచాను, అంతే నేను చేసింది. లోపలికొస్తే, నాన్నా, ఒక్కసారికే కుదిరిపోయింది అంది. ఎంత అబద్ధం! అచ్చం నా కూతురే." ఆ మాటతో ఏడ్చేశాడు.

యోర్మా తన కప్పు అతని ముందుకి జరిపాడు.

"దీన్ని తుడిచెయ్యనులే," అంది హిల్లెవి. "అధికారికాన్ని కూడా దీని పక్కనే ఎక్కిస్తాను. యంత్రం లేచేటప్పుడు రెండు పేర్లూ కనబడతాయి. ఏది కావాలంటే అది ఎంచుకో."

తాయిస్తో చొక్కాచేత్తో ముఖం తుడుచుకుని లాప్‌టాప్‌ని రెండు చేతులతో ఆమె ముందుకి తోశాడు.

"రోజూ అధికారికంతోనే నడిపేలా చెయ్యి," అన్నాడు. "ఇన్నాళ్లూ దాన్ని నిద్రపోనివ్వలేదు నేను. ఇక పడుకోనీ."