అద్దం మీద నల్లచుక్క

కూసోను సార్, నిలబడే చెప్తా. ఇంటిదాంక రావద్దంటరు, ఎరుకే. కని పది గంటలకు వీరస్వామిని నౌకరీలకెల్లి తీసేస్తున్నరట గద! అంతదాంక ఎట్ల ఆగాలె? ల్యాబ్ అటెండరు గద, తప్పు ఆయన మీద వేస్తే అయిపాయె, అంతేనా?

మాఫ్ చెయ్యుండ్రి. నోరు జారింది.

నా పులిమేక ఆట ప్రోగ్రామ్ నాలుగు నెలలు రాసిన. కంప్యూటర్ బొమ్మ గీసే ఆ పాత స్కోపు మీద ఎంత మంచిగ ఆడింది! అద్దం మీద చుక్కలు చుక్కలుగ పులి, మేకలు... మీరు సుత నవ్విండ్రు. అది ఖరాబైనంక కొత్త స్కోపు వచ్చె. “ఇన్నయ్యా, ఇది వేరే రకం. బొమ్మ గీసే భాగం మళ్ళీ రాయి” అన్నరు. వారం దినాలకు రాశావా అనడిగిండ్రు. రాసిన అన్న.

రాయలే సార్.

పాత దాంట్లనే కొలతలు మార్చిన, అంతే. పులి సక్కగ కనబడ్డది. ఇంకేం కావాలె అనుకున్న. గీసుడు ఆగితే పాత స్కోపు వెలుగును దానంతటదే బంద్ చేస్తుండె. కొత్తది చెయ్యదు, ప్రోగ్రామే చెప్పాలె. దాని పుస్తకంల రాసే ఉన్నది. చదవలే అంటే నమ్ముతరా? చదివిన సార్. తర్వాత చేద్దామనుకున్న. ఢిల్లీ పెద్దోళ్లొస్తున్నరని మీరేమో ఒకటే తొందర!

ఆనాడు పగటీలి... మేక ఎటు పోవాలెనో మనం మీట నొక్కేదాంక మిషన్ ఆగుతది గద. నేను నొక్కలే. అట్లనే ఇడిసిపెట్టి తార్నాక చౌరస్తకు చాయ్‌కు పోయిన. మా దోస్తు ఉమాపతి దొరికిండు. స్ట్రైకు ముచ్చట్లు. అరగంట సార్! అరగంట ఆ వెలుగంత ఒక్కకాడనే నిలబడ్డది.

వచ్చేసరికి అద్దం లోపలి పూత మాడి నల్లచుక్క. వీరస్వామి బట్టతోని తుడుస్తున్నడు. మరక అనుకున్నడు, పాపం! గప్పుడే మీరొచ్చిండ్రు. “ఏం పోసి తుడిచావురా?” అన్నరు.

నేను పక్కకే ఉన్న.

నిజం చెప్తే కాలేజీల సీటు పోతది అనుకున్న. మా ఇంట్ల బడి మొకం చూసినోన్ని నేనొక్కన్నే. ఇంటికి పోయి మా బాపుకు ఏమని చెప్పాలె?

నిన్న లాలాపేట్‌ల వీరస్వామి ఇంటికి పోయిన. చెప్దామనే పోయిన, ఒట్టు! ఆయన భార్య ఈరమ్మ మంచినీళ్లిచ్చింది. “మా కోసం నువ్వన్న వచ్చినవ్ బిడ్డా. సోమయాజులు సారుకు ఒక అర్జీ రాసిపెట్టు, మాకు రాయరాదు” అన్నది.

రాసిన సార్. “తెల్వక చేసిన, ఈ ఒక్కసారికి క్షమించుండ్రి” అని నా చేతులతోనే రాసిన. వీరస్వామి వేలిముద్ర వేసిండు. ఇగో, వచ్చుడుతోనే నేనిచ్చిన కాయితం, మీ చేతుల ఉన్నది అదే. ఆయన చెయ్యని తప్పు నా రాతల ఒప్పుకున్నడు!

ఏంది సార్? నేను సుత తెల్వకనే చేసిన్నా?

అట్లనకుండ్రి. గట్ల జాలిగ చూడకుండ్రి. ల్యాబ్‌కు పోయి నా ప్రోగ్రామ్ కొట్టిన కార్డుల కట్ట తీసి చూడుండ్రి. రెండు కార్డులు కొత్తయి ఉంటయి. పుస్తకంల చెప్పినట్టు వెలుగు ఆర్పే కార్డులు. మీరు వీరస్వామిని తిట్టుకుంట ఆఫీసుకు తోలుకపోతుంటే, నేను గాడనే కూసోని కొట్టిన అవి.